సాసరు కింద చీటీ

షువైఖ్ రేవులో సరుకులు విడిపించే కంపెనీ వాళ్ళది.
నాలుగు సర్వర్లు, అరవై కంప్యూటర్లు,
అన్నీ ఒకే వలలో, ఒకే బుట్టలో ఎండ్రకాయల్లా.
ఎవడో బిల్లు పేరుతో ఓ ఫైలు పంపాడు.
తెల్లారేసరికి జీతాల పట్టీతో సహా
అన్నిటికీ ఎవరివో తాళాలు.

అప్పుడు నన్ను పిలిచారు,
ఖుర్తుబాలో అబూ నవాఫ్ దివానియాకి.
రాత్రి తొమ్మిదిన్నర. పగటి వేడి
ఇంకా గోడల్లోంచి లేచి వెళ్ళలేదు.

గోడల వెంట పొడుగ్గా పరుపులు, నడుమ ఖాళీ నేల.
కాగితం మీద గీస్తున్నాను,
ఇటు ఇంటర్నెట్, దానికి గుర్తు మేఘం.
ఈ ఊళ్ళో మేఘాలు ఎక్కువగా నా కాగితాల మీదే.
అటు లోపలి నెట్‌వర్క్.
మధ్యన సన్నటి పట్టీ,
దానికి ఆ వైపొకటి, ఈ వైపొకటి ఫైర్‌వాల్.
దీన్ని డీఎంజెడ్ అంటాం,
సైన్యాలు అడుగుపెట్టని నేల అన్నాను.

ముసలాయన తస్బీ పూసల మీద వేలు ఆపాడు.
"ఉత్తరాన చూశాను అలాంటిది.
అయిదు కిలోమీటర్లు మావైపు, పది వాళ్ళవైపు.
మా తమ్ముడి ఒంటె అక్కడే మైను తొక్కింది."

అంత దూరం పోవద్దు, ఈ గది చాలన్నాను.
వీధి తలుపు తెరిచే ఉంటుంది.
ఎవరైనా వస్తారు, కూర్చుంటారు, చాయ్ తాగుతారు.
ఇంట్లోకి పోయే ఆ తలుపు మాత్రం
అటువైపు నుంచే తెరుచుకుంటుంది.
వచ్చినవాడు దొంగే అయినా
ఈ పరుపు వరకే దొంగ.

ఆయన నవ్వాడు. కొడుకు నవ్వలేదు, ఖర్చు చూస్తున్నాడు.
"ముహందిస్, రెండెందుకు? ఒకటి చాలదా?"
రెండూ ఒకే కంపెనీవి కూడా కాకూడదన్నాను.
ఒకే కమ్మరి చేసిన తాళాలకి
ఒకే మారుతాళం సరిపోతుంది.

లోపలి తలుపు మీద రెండు దెబ్బలు.
గడప దగ్గర ఎత్తుపీట, పీట మీద పళ్ళెం,
పళ్ళెం అంచున గాజులు లేని చెయ్యి.
దగ్గర్లో ఉన్నది నేనే, లేచాను.

"అన్నా, నువ్వు తెలుగోనివి గదా?
గీతలు గీస్తా నీలో నువ్వు మాట్లాడుకుంటాండావు."

మాట లోపల మొదలైతే
బయటి నుంచి జవాబు పోవచ్చు.
బయట మొదలైతే పోకూడదు.
ఇప్పుడే గీసిన రూలే.
"బద్వేలు" అన్నాను తలుపు సందుకి.
"మాది చిట్వేలి. ఓబుళమ్మ అంటారు.
ఫోను మామా కాడ ఉంటాది, శుక్రవారమే ఇస్తాది.
ఈరోజు సోమవారమాయె.
మూడో గ్లాసు సాసరు కింద చూడన్నా."

రెండు మడతల చీటీ.
పది అంకెలు, కాటుక పెన్సిలు రాత.
పదో తరగతి హాల్‌టికెట్టు.

కొడుకు ధరల పట్టీ తిరగేస్తున్నాడు.
నేను ఫోను తీశాను.
అంకెలు వేశాను. తప్పాను. మళ్ళీ వేశాను.
చక్రం తిరిగింది, చాలాసేపు తిరిగింది,
దేశంలో పిల్లలందరూ ఒకే కిటికీ దగ్గర తోసుకుంటున్నట్టు.

లోపలివాళ్ళు నేరుగా బయటికి పోకూడదు.
వాళ్ళ అడుగుదలని తీసుకుని
మధ్య గదిలో ఒకడు తన పేరు మీద పోయి అడగాలి,
దొరికింది పట్టుకొచ్చి గడప దగ్గర పెట్టాలి.
దాన్ని ప్రాక్సీ అంటారు.
పదకొండేళ్ళుగా పెడుతున్నాను,
ఎప్పుడూ నేనే అవలేదు.

ఖాళీ గ్లాసులతో పళ్ళెం లోపలికి పోయింది.
మూడో సాసరు కింద, అదే చీటీ వెనక,
ఆరు వందలకి నాలుగొందల ఎనభై ఏడు,
లెక్కల్లో తొంభై నాలుగు.

తలుపు వెనక ఏ చప్పుడూ లేదు.
రెండో విడత చాయ్‌లో చక్కెర
గొంతు పట్టేసేంత ఉంది.
"ఈ పిల్లకి ఇవాళ ఏమైంది" అన్నాడు ముసలాయన,
అయినా మొత్తం తాగాడు.

ఆ రాత్రి ఫర్వానియా గదిలో కూచుని రూళ్ళు రాశాను.
అన్నిటికన్నా కింద ఉండేది ఎప్పుడూ ఒకటే:
పైన చెప్పనిదేదైనా పారెయ్,
కాదని కూడా చెప్పకు.
అకామా ఆఫీసు కిటికీ ముందు నిలబడ్డవాడికి
ఆ రూలు వేరే నేర్పక్కర్లేదు.

ప్రతి రూలు పక్కనా
అది ఎందుకుందో ఒక ముక్క రాయాలి.
ప్రాక్సీ పక్కన రాశాను:
లోపలి నుంచి అడిగారు.