ఎఫ్ తొమ్మిది

జూన్ రెండో వారం. గుడిపాల దాటాక
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు నుంచి
వేలూరు రోడ్డు దాకా ట్రాక్టర్లు.
తోతాపురి కాయ ఎండకి వాసన మార్చుకుంటోంది.
పొద్దున తీపి, మధ్యాహ్నానికి సారా.

తూకం గదిలో ఎక్సెల్ తెరుచుకుంటుంది,
రెండు గీతలు గీసి
కళ్ళు తేలేస్తుంది.

"రాత్రి దాకా బాగుండె" అంటుంది హేమావతి.
అందరూ అదే అంటారు.
రోగం ఎప్పుడూ నిన్న రాత్రి తర్వాతే పుడుతుంది.
"కొత్తగా ఏమన్నా ఎక్కించారా?"
"ఏమీ లే."
ఊరుకున్నాను. ఊరుకుంటే చెప్తారు.
"కాటా కంపెనీ వాళ్ళు మొన్న ఏదో చిన్నది
వేసిపోయినారు. చిన్నదే."

కంట్రోల్ మీట నొక్కిపట్టి తెరిచాను.
సేఫ్ మోడ్.
నగలన్నీ తీసిచ్చి ఆపరేషన్ బల్ల ఎక్కిన మనిషిలా
ఎక్సెల్ తెల్లగా, నిదానంగా పలికింది.
జబ్బు దానిది కాదన్నమాట,
దాని భుజాల మీద ఎక్కి కూర్చున్నవాళ్ళది.

జాబితా తీశాను. ఐదు పేర్లు, ఐదు టిక్కులు.
జీఎస్టీది. పీడీఎఫ్‌ది.
రైతుల పేర్లు తెలుగులో కొట్టేది,
ఆరేళ్ళ కిందట పుత్తూరు అకౌంటెంటు పెట్టిపోయింది.
కాటా నుంచి బరువు లాగేది.
ఇంకొకటి, పేరే లేదు, నాలుగు అంకెలు మాత్రం.

అన్నీ పడుకోబెట్టి ఒక్కొక్కటే లేపాను.
లేపిన ప్రతిసారీ మూసి, తెరిచి,
మళ్ళీ మూసి, మళ్ళీ తెరిచి.
కిటికీలోకి ఒక తలపాగా వంగింది:
"ఎంతసేపు మే? బిర్నా కానీ.
నేను నిలుస్తా, కాయ నిలవదు."
చెంగల్రాయులు, ఐరాల, మూడు టన్నులు.

తెలుగుది ఒంటరిగా బంగారం.
కాటాది ఒంటరిగా బుద్ధిమంతుడు.
రెండూ లేచాయా, ఎక్సెల్ నేల మీద.

మేనేజరు మునిరత్నం కర్చీఫుతో మెడ తుడుచుకుని
"ఆ తెలుగుది పీకేయమ్మా.
ఇంగ్లీషులో కొడితే కాయ పులిసిపోతుందా?"

హేమావతి మాట్లాడలేదు. సొరుగు లాగి
ముందటేడు తెలుగుది నెల్లాళ్ళు చెడిపోయినప్పటి చీటీలు
బల్ల మీద కుమ్మరించింది.
మనిషి ఒక్కడే, చెంగల్రాయుళ్ళు నలుగురు.
ఒకడికి హెచ్ లేదు. ఒకడికి జి లేదు.
ఒకడు రాయులు, ఒకడు రాయలు.
బ్యాంకులో డబ్బు వీళ్ళలో ఎవరింటికి పోవాలో తెలీక
వినాయక చవితి దాకా తిరిగింది.

రెండింటి అమరికలూ పక్కపక్కన పెట్టి
వరస వరసా చదివాను.
భాష మార్చడానికి ఎఫ్ తొమ్మిది.
బరువు లాగడానికి ఎఫ్ తొమ్మిది.
నిద్ర లేస్తూనే ఇద్దరూ ఒకే మీటకి చెయ్యి చాస్తున్నారు.
పగేమీ లేదు,
ఒకడున్నాడని ఇంకొకడికి ఎవరూ చెప్పలేదంతే.

ఆ మీట వైపు చూశాను.
మామిడి సొన అంటి నల్లబడి, అంకె చెరిగి,
ఆరేళ్ళ హేమావతి వేలికి
గుంట పడింది.

కాటాదాన్ని ఎఫ్ పదకొండుకి జరిపాను.
బస్సులో లాగే. ఆఖర్న ఎక్కినవాడే జరగాలి.
మూశాను. తెరిచాను.
గీతలు గీసింది. ఇంకా గీసింది.
గళ్ళన్నీ నిండాక గానీ
నేను కుర్చీలో వెనక్కి వాలలేదు.

మొదటి చీటీ చెంగల్రాయులుది.
దీర్ఘాలు, సున్నా అన్నీ సరిగ్గా పడ్డాయి.
ఆయన పేరు వైపు చూడనే లేదు.
నేరుగా బరువు దగ్గరికి పోయి
"తరుగు కింద నూటిరవై కిలోలా?" అని
మునిరత్నం మీదికి లేచాడు.
ఆ పంచాయితీకి నా తావ మందు లేదు.
బ్యాగు సర్దుకున్నా.

స్కూటరు తీస్తుంటే గుర్తొచ్చింది,
ఆ నాలుగంకెలదాన్ని తిరిగి లేపలేదు.
చీకటి పడింది. ఫోను మోగలేదు.
ఎవరు పెట్టారో,
ఇన్నేళ్ళూ ప్రతి పొద్దునా అందరితో పాటు లేచి
ఏం చేసేదో.

నీవా వంతెన దాటేదాకా అదే ఆలోచన.
వేళ్ళకి సొన వాసన.