నాలుగో మడత

మధ్యాహ్నం ఒంటిగంటకు రువిలో షట్టర్లు దిగుతాయి.
బంగారం కొట్టు, మందుల షాపు, సిమ్ కార్డుల గుజరాతీ సేటు,
గరగరమని ఒకదాని వెంట ఒకటి.
నాలుగింటి దాకా వీధిలో
ఎండ ఒక్కటే డ్యూటీలో ఉంటుంది.

మూడో అంతస్తులో నేను
జావాలో ఒక ఫారానికి మడతలు పెడుతుంటాను.
కంపెనీలో నాలుగు వేల మందికి బీమా ఫారం.
పేరూ ఊరూ ఒక మడత, పాస్‌పోర్టు ఒక మడత,
పాత జబ్బులు ఒక మడత,
నాలుగోది నామినీ.
శీర్షిక మీద వేలు పెడితే బాణం కిందికి తిరుగుతుంది,
మళ్ళీ పెడితే పైకి.
తిరిగినప్పుడల్లా సర్వర్‌లో నా లిజనర్ ఉలిక్కిపడి లేచి
ఒక వరస రాస్తుంది:
తెరిచారు. మూశారు.
అంతకుమించి దానికి చదువు రాదు.

సోమవారం లాగ్ తీసి చూస్తే
ఒకే ఉద్యోగి, నంబరు నాలుగు నాలుగు ఏడు ఒకటి,
రాత్రి తొమ్మిదికీ పదికీ మధ్య
తెరిచారు మూశారు తెరిచారు మూశారు
పద్దెనిమిది సార్లు.
లోపలి గడిలో మాత్రం ఒక్క అక్షరం మారలేదు.

తప్పు నాదే అనుకున్నాను.
మడతలో మడత పెట్టినప్పుడు
లోపలిదాన్ని తడితే బయటిదీ ఊ కొడుతుంది,
అత్తను పిలిస్తే తోడికోడలు పలికినట్టు.
కదిలింది ఎవరో ముందు కనుక్కో,
పిల్ల మడతైతే తల్లి నోరెత్తకూడదు అని
ఒక షరతు రాశాను.
లిజనర్‌ని రెండుసార్లు తగిలించానేమోనని
పేజీ అంతా పాయలు తీసి చూశాను, పేలు చూసినట్టు.
మంగళవారం రాత్రి పంతొమ్మిది సార్లు.

మా మేనేజరు నాసర్ అల్ హబ్సీ
ఇక చాలని కహ్వా కప్పు అటూ ఇటూ ఊపి,
"ఆ మనిషికి ఫోన్ చెయ్యి" అన్నాడు. అంతే.

సోహార్ క్యాంపు. గుండ్లూరి మస్తానయ్య. ట్రైలర్ డ్రైవరు.
హిందీలో మొదలుపెట్టాం,
మూడో మాటకే ఇద్దరికీ ఆత్మకూరు యాస బయటపడింది.
"పాడేం కాలేదు మా, నేనే నొక్కతా ఉండా.
పేరు రాద్దామని తెరస్తా.
రాస్తే పోతానని ఒప్పుకున్నట్టే గదా, మూసేస్తా.
పోనీలే అని మళ్ళా తెరస్తా.
పక్క గడిలో చుట్టరికం అడగతాది.
భార్య, కొడుకు, కూతురు, అమ్మ, నాయన.
ఆ లిస్టులో నాకెవురూ లేరు మా.
ఉండేది రఫీకుల్.
చిట్టగాంగు మనిషి, మా మెస్సులో వంట.
కామెర్లొచ్చినప్పుడు నలభై దినాలు
నాకొక్కడికే నూనె లేకండా వేరే వండినాడు.
వాడు నాకేమైతాడో మీ మిషన్‌లో లేదు."

లేదు.
ఆ లిస్టు రాసింది నేనే.
అయిదు చుట్టరికాలు, అయిదు వరసల కోడు,
టీ చల్లారేలోపు టైపు చేశాను.

ఆరోది, ఇతరులు, చేర్చడానికి అరనిమిషం.
సంతకాలకు పదకొండు రోజులు.
ఇతరులంటే ఎవరో బీమావాళ్ళకు నిర్వచనం కావాలట.
నాసర్ అరబీలో ఏం రాసి పంపాడో నాకు తెలీదు,
పొడుగ్గానే రాశాడు.

ఆ పదకొండు రాత్రులూ లాగ్‌లో అదే.
తెరిచారు. మూశారు.
కాకపోతే ఇప్పుడది నాకు
ఇంజన్ ఆపకుండా రోడ్డు వారగా నిలబెట్టిన బండిలా వినిపించేది.

పన్నెండో రాత్రి, తొమ్మిదీ నలభై.
తెరిచారు.
విలువ మారింది.
సేవ్ అయింది.
ఆ తర్వాత మూసిన వరస లేదు.
నెట్ పోయిందో, ఫోను మంచం మీద పడేసి
అన్నానికి లేచాడో,
అరగంటకు సెషన్ దానంతటదే ముగిసింది.

ఆ లోటు నేను సరిచెయ్యలేదు.
ఇంకా మూడు వేల చిల్లర మంది నింపాలి.
నాలుగు కావొస్తోంది.
కింద మందుల షాపు షట్టరు సగం లేచి ఇరుక్కుంది,
కుర్రాడు భుజం ఆనించి నెడుతున్నాడు.