తెల్లగీత

మొన్నట్నుంచి నా దోసెల బండి కాడ కోర్టు నడుస్తంది.
జడ్జీలంతా నిలబడే తింటారు.

"నడిరోడ్డు మీద ఉరెయ్యాల వాణ్ణి."
కారప్పొడి ఇంకాస్త వేయించుకుని మరీ అన్నాడు బ్రహ్మారెడ్డి.
"ఉరేస్తే నిమిషంలో అయిపొయ్యిద్ది, కాళ్లు తీసేసి వదలాల."
ఇది ఎరువుల కొట్టు పిచ్చయ్య లెక్క.
రిటైరైన మేష్టారు ఏ సెక్షనో, ఎన్నేళ్లో,
బెయిలు ఎన్నాళ్లకొచ్చిద్దో
వేళ్లు మడిచి చెప్పబోతే
మోచేతి దాకా చట్నీ కారింది.
"ట్రిప్పుకింతని పరిగెత్తించే ఓనర్ని అడగరేందయ్యా?"
అన్న కుర్రాడి మాట ఎవరికీ రుచించలా.
ఓనరు మన పక్కూరాయన.
డ్రైవరు ఎక్కడోడో.

సోమవారం ఎనిమిదింబావు.
చీమకుర్తి నుంచి రాయేసుకుని ఒంగోలు పోతన్న టిప్పరు.
సంతనూతలపాడు మలుపు.
చెంచులక్ష్మి బడిలో అన్నం వండే మడిసి,
చేతిలో ముప్పై గుడ్ల అట్ట.
అందులో రెండు పగలకుండా
దొర్లుకుంటా వచ్చి నా పొయ్యి కాడ ఆగినయ్.
వాటినేం చెయ్యాలో ఇంతవరకూ తెలవలా.
సత్తు గిన్నెలో పెట్టి మూతేశా.

వాడికి పంతొమ్మిదుంటయ్యేమో.
మీసం మొలవాలా వద్దా అనుకుంటన్న మూతి.
దూకి పరిగెత్తినోణ్ణి పట్టుకొచ్చి కొట్టారు,
ఒక చేత్తో కొడతా
ఇంకో చేత్తో వీడియో తీస్తా.
"నీళ్లు" అన్నాడు.
గ్లాసు ముంచి ఇచ్చా.
"వాడికి నీళ్లు పోస్తావంటే, నీదేం గుండె?" అన్నారు.
ఏమో.
నాకంటే ముందు నా చెయ్యి చాచింది.

ఉరెయ్యమన్న బ్రహ్మారెడ్డి మూతి తుడుచుకుని
ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి
ఎదురుదారిన పొయ్యాడు, బంకు దాకానేగా అని.
నేనేమీ అనలా.
రోజూ వచ్చే గిరాకీ.

ఆ రాత్రి గిన్నెలు కడిగి పారబోస్తా చూశా.
రోడ్డంచు తెల్లగీత
నా బండి కిందుగా పోతంది.
ఎనిమిదేళ్లుగా దాని మీదే నా పొయ్యి.
నా బల్ల, తినేవాళ్ల మోటారు సైకిళ్లు,
నీళ్ల డ్రమ్ము, అరిటాకుల బుట్ట,
ఇన్ని దాటాలంటే నడిచేవాళ్లు తారు మీదకి దిగాల్సిందే.
చెంచులక్ష్మి రోజూ దిగేది.
"కాస్త దారియ్యి అక్కా" అనేది నవ్వుతా.
"రెండడుగులు చుట్టు తిరిగితే అరిగిపోతావంటే?"
అనేదాన్ని, నేనూ నవ్వుతానే.

ఈ సంగతి కోర్టులో ఎవరూ అడగలా.
నేనూ చెప్పలా.

మూడోరోజు ఆమె మొగుడు మాలకొండయ్య స్టేషనుకి పొయ్యాడంట,
రాళ్లకి పాలిష్ పట్టే మడిసి, గోళ్ల నిండా తెల్ల పొడి.
కొడతాడేమోనని ఇద్దరు అడ్డం నిలబడ్డారంట.
ఆయన కటకటాల కాడ గొంతుక్కూర్చుని
"ఆఖర్న ఏమన్నా అందా అబ్బయ్యా?" అని అడిగాడంట.
"హారన్ కొట్టా" అన్నాడంట వాడు.
"అది గాదు, మా ఆడమడిసి ఏమన్నా..."
"హారన్ కొట్టా. హారన్ కొట్టా."
కానిస్టేబులు ఖాదర్ ఇది చెప్పి
దోసె సగంలో వదిలేసి పొయ్యాడు.
ఆ పూట ఎవరూ శిక్ష మాటెత్తలా.
సాయంత్రానికి మళ్లీ మొదలెట్టారులే.

ఈ పొద్దున బండిని గీతకి ఇవతలకి లాగా.
కంపచెట్లు కొట్టి, కాలవ మీద రెండు బండలేసి, నాలుగడుగులు.
"ఏందమ్మే, మురుక్కాలవ మీద నిలబడి తినాలా మేము?"
"రోడ్డుకి కనబడకపోతే బేరమెట్టా?"
సగం పిండి మిగిలింది.
బడి పిల్లలు ఒకళ్లెనక ఒకళ్లు
గీత ఇవతలే నడుచుకుంటా పొయ్యారు,
వాళ్లకి అదేమీ కొత్తగా అనిపించలా.

వాళ్లటు పోంగానే ఆ ఖాళీలో
ఎవరో స్కూటరు ఆపాడు.
"రెండు దోసెలు, ఐదు నిమిషాల్లో పోవాల."
"బండి తీస్తే దోసె" అన్నా.
నవ్వాడు.
నేను నవ్వలా.
పెనం ఖాళీగా కాలతంది.