యాభై ఒకటో మనిషి

ఒర్దూ కొండల మీద ఆగస్టు అంటే
పొద్దున పొగమంచు, మధ్యాహ్నం జిగట ఎండ,
సాయంత్రం నా కాటా.
ముక్కాలి కొయ్య, ఇనుప కొక్కెం, గళ్ళ నోటుబుక్కు.
బస్తా తగిలించి
ముల్లు నిలిచేదాకా ఊపిరి బిగబట్టి
అంకె వేస్తాను.
ఈ తోటలో నా పని అంతే.

మీకు ఇవి చాక్లెట్ లోపల పంటికి తగిలే గింజలు.
ఇక్కడ ఫిందిక్ అంటారు.
పచ్చి పొట్టు ఒలిస్తే కారే పసరు
చేతులకు పట్టిందా, ఇక నెల్లాళ్ళు.
సబ్బుకు లొంగదు, నిమ్మచెక్కకు లొంగదు.

గులే వాళ్ళది విరాన్‌షెహిర్ పక్కన ఏదో పల్లె.
మేలో కోన్యాలో బీట్ దుంపకు కలుపు,
జులైలో మలాత్యాలో ఆప్రికాట్లు,
ఇప్పుడు నల్ల సముద్రం మీది ఈ ఏటవాలు.
ఏటి ఒడ్డున నీలం టార్పాలిన్, అదే ఇల్లు.
వాళ్ళ ఊళ్ళో బడి సెప్టెంబర్లో తెరుస్తారు.
జోజాన్‌కు మాత్రం నవంబర్లో తెరుచుకుంటుంది.

పద్దులో గులే ఒక్కతే.
ఆమె పేరు కింద రోజూ మూడు బస్తాలు.
ఒక్క ఆడమనిషి ఇన్ని ఎలా ఏరిందని
ఎవరైనా అడిగితే చెప్పాలి:
ఆమెకు ఆరు చేతులు.
రెండు తనవి.
రెండు జోజాన్‌వి, పదకొండేళ్ళు.
రెండు సెర్హద్‌వి. వాడి వయసు వాడికే తెలీదు,
ముందు పళ్ళు ఊడాయి కనుక
ఏడనుకుందాం.

చట్టం ఉంది. లేదనను.
ఊరూరా తిరిగే పొలం పనుల్లో
పద్దెనిమిది నిండని వాళ్ళు ఉండకూడదని ఒక పేజీలో.
యాభై మందికి మించని తోటకు
కార్మిక చట్టం వర్తించదని ఇంకో పేజీలో.
మా షెవ్కెత్ బే ఆ రెండు పేజీల మధ్యన
హాయిగా కాపురం పెట్టాడు.
ఒక ఏడు నలభై ఎనిమిది పేర్లు.
ఒక ఏడు నలభై తొమ్మిది.
ఒకసారి సరిగ్గా యాభై.
ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు.
తెల్లారి నా చేత ఒక ముసలాయన్ని కొట్టేయించాడు,
ఎందుకైనా మంచిదని.
ఆ ముసలాయన రోజూలాగే బుట్ట ఎత్తుకుని
తోటలోకి నడిచాడు.

మొన్న జీపు వచ్చింది.
దళారి రమో ఈల వేశాడు.
పిల్లలు పొదల మొదళ్ళకు అతుక్కుపోయారు.
ఎంత అలవాటంటే, సెర్హద్ అక్కడే నిద్రపోయాడట.
ఇన్‌స్పెక్టర్ మంచివాడే. టీ తాగాడు.
ఏటవాలు వైపు చూసి, తన బూట్లు చూసుకుని,
పద్దు తిప్పి, “ఈ గులే గట్టి మనిషే” అన్నాడు.
ఎగతాళా, మెచ్చుకోలా,
ఇప్పటికీ నాకు తేలలేదు.
సంతకం పెట్టాడు.

కాకి లెక్కలు అంటాం.
పాపం, కాకి తన పిల్లల్ని
లెక్కలోంచి తీసెయ్యడం నేనెక్కడా చూడలేదు.

నిన్న సాయంత్రం కాటా దగ్గరికి జోజాన్ వచ్చింది.
బల్లకు అవతల నిలబడి
నా పుస్తకం తలకిందులుగా చదివింది.
“ఇక్కడ ఏడు వెయ్యాలి, ఒకటి వేశారు.”
వేలు పెట్టి చూపించింది.
నిజమే. ఆరు కిలోలు మింగేశాను,
కావాలని కాదు.
కాదనే అనుకుంటున్నాను.
దిద్దాను. తను వెళ్ళలేదు.
పేజీ పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి
“నేను ఏ గడిలో?” అంది.

నాకు జవాబు రాలేదు.
పెన్సిల్ చెక్కుకున్నాను.
తను వెళ్ళాక చూస్తే
ఏడు పక్కన, ఖాళీ గడిలో,
గోధుమరంగు వేలి గుర్తు.
రబ్బరుతో రుద్దాను. కాగితం అరిగింది గానీ
అది కదల్లేదు.

రాత్రి షెవ్కెత్ బే లాంతరు దగ్గరగా జరిపి
“ఇదేమిటి?” అన్నాడు.
“టీ మరక” అన్నాను.

ఇప్పుడు మళ్ళీ సాయంత్రం.
బస్తా తగిలించాను.
దాని వెనక బరువును మోకాలితో ఆపుతూ
ఎవరో చిన్నమనిషి.
ముల్లు ఇంకా ఊగుతోంది.