గోరువెచ్చన

సొహార్ ఆసుపత్రి కింది అంతస్తులో
కిటికీ లేని గది నాది.
పైన ఎవరు పడ్డారో, ఎవరు లేచారో
నా దాకా రాదు.
మంచుపెట్టెలో ఊదారంగు మూతల గొట్టాలొస్తాయి,
ఒంటికి పేర్లు అంటించుకుని.

డిసెంబరులో ఒక పేరు,
అరబ్బీ నోట్లో నలిగి, ఇంగ్లీషులో వంకరపోయి
వచ్చినా గుర్తుపట్టాను.
ముత్తెన్న. ముప్పైనాలుగేళ్లు.
అల్యూమినియం ఫ్యాక్టరీ, పరంజా, నలభై అడుగులు.
స్పృహ: లేదు.

దెబ్బతిన్న మెదడు మూలగదు.
లోపలి తీగలు తెగితే
వాటి పొట్టు నెత్తుట్లోకి తేలుతుంది,
తూర్పారబట్టిన కళ్లంలో ధూళిలా.
మా మిషను ఆ ధూళిని తూస్తుంది,
గ్రాములో లక్ష కోట్లో వంతు దాకా.
గురిగింజలతో బంగారం తూచిన మా తాత
వింటే పడీపడీ నవ్వేవాడు.

మొదటి వారం అంకె తెర దాటిపోయింది.
పలచన చేసి మళ్లీ పెట్టాను.
మూడో వారానికి ఇంకా పెరిగింది.
డాక్టర్ షంసా ఫోన్లో ఒక్కటే అడుగుతుంది:
ఏ వైపు?
ఇలాంటి గీత ఉన్నవాళ్లలో చాలామంది
ఏడాది గడిచినా
తమ చొక్కా గుండీ తాము పెట్టుకోలేరట.
ఆ మిగతా కొద్దిమంది ఎవరో
గీతకీ తెలీదు.

బక్రీదుకి నెత్తురు తీసే కుర్రాడు ఇబ్రీ వెళ్లాడు.
ట్రే పట్టుకుని నేనే పైకెక్కాను.
ఆరో నెల గొట్టం.
మనిషికన్నా ముందు
అతని అంకెలు నాకు తెలుసు.

తల ఒకపక్క పల్లం.
కళ్లు తెరిచే ఉన్నాయి, ఎటూ చూడకుండా.
కుడిచేతి వేళ్లు మాత్రం దుప్పటి అంచుని
చుడుతున్నాయి, విప్పుతున్నాయి,
మళ్లీ చుడుతున్నాయి.
"బీడీలు," అన్నాడు చూడ్డానికొచ్చిన సిద్దిరాములు.
"చిన్నగున్నప్పుడు వాళ్లమ్మతోని చుట్టెటోడు.
ఏళ్లకు యాదికున్నది."

సూది గుచ్చాను. మొహం చిట్లించలేదు.
నిండిన గొట్టాన్ని ఎనిమిదిసార్లు
మెల్లగా తలకిందులు చెయ్యాలి.
నాలుగోసారికి చెయ్యి చాపి అందుకున్నాడు.
నేను లాక్కోలేదు.
చలికాలపు చాయ్ గ్లాసులా
రెండు చేతుల మధ్య మూసి పట్టుకున్నాడు.
చాలాసేపటికి,
ఎండిన బోరులోంచి ముందు గాలొచ్చి
ఆ తర్వాత నీళ్లొచ్చినట్టు:
"గోరెచ్చగున్నది."

పన్నెండేళ్లు. ఎన్ని వేల గొట్టాలు.
అన్నీ చల్లబడ్డాకే నా చేతికొచ్చాయి.

సాయంత్రం మిషను అంకె ఇచ్చింది.
పోయిన నెలకన్నా తగ్గింది, కొంచెం.
మామూలు మనిషికన్నా ఇంకా చాలా ఎక్కువ.
డాక్టర్ షంసా ఫోన్ చేసింది.
ఏ వైపు?
చెప్పాను.
రిపోర్టులో గడి లేని సంగతి ఇంకొకటుందని కూడా అన్నాను.
ఏంటది, అంది.

గోరువెచ్చనకి అరబ్బీ మాట వెతుక్కుంటూ
కాసేపు
లైన్లోనే ఉండిపోయాను.