శంషాద్‌కు, దీవికి పోయే ముందు

అమ్మీ శంషాద్,
కంపెనీవాళ్ళు ఇచ్చిన కాగితంలో
కొబ్బరిచెట్ల బొమ్మ ఉంటుంది. నమ్మొద్దు.
దిగేటప్పుడు కిటికీలోంచి చూడు,
పెన్నహోబిలం దావలో ఉండే గుట్టలే,
అదే మన్ను, అవే ముండ్లు,
జెముడు మాత్రం రెండాళ్ళ ఎత్తు.
మూడు విమానాలు మారి
మళ్ళీ ఉరవకొండకే వస్తినా అని
బెల్టు తీయకుండా కూచుంటి.

గాలి వేరే.
మన గాలికి ఆషాఢంలోనే పొగరు.
ఆడిది ఏడాదంతా ఒకే దిక్కునుంచి
వడ్డీకిచ్చినోని మాదిరి వస్తుంది.
అందుకే కదా మన రెక్కలు ఆడ నిలబెట్టింది.
టోపీకి దారం కట్టుకో.

నీళ్ళు కొనొద్దు.
కొళాయిలో వచ్చేది సముద్రమే, ఉప్పు తీసి పంపుతారు,
మన ట్యాంకరు నీళ్ళకన్నా తియ్యగుంటాయి.
మొదటి దినం బకెట్టు నిండేదాకా
పక్కనే కాపలా ఉంటి,
మధ్యలో నిలిచిపోతాయేమోనని.
ఇంటామె నవ్వి, ఇంకో బకెట్టు తెచ్చిచ్చె.

శెనక్కాయల పొడి పెట్టెలో వేసుకో.
ఊరగాయకు మూడు కవర్లు చుట్టు,
నా తెల్లచొక్కా చూసినావు కదా.
మొక్కజొన్న పిండితో ముద్ద చేస్తారు,
కండ్లు మూసుకుంటే సంగటే,
తెరిస్తే కాదు.

గాడిదలు రోడ్డు మధ్యన నిలబడతాయి.
హారన్ కొట్టొద్దు, దిగి పక్కకు తోలు.
ఉప్పు మోయించను తెచ్చి
పని తీరినాక వదిలేసినారంట వాటిని.
మనకైతే కాంట్రాక్టు అయినాక టిక్కెట్టు ఇస్తారు,
అంతవరకు మేలు.

బండి ఒడ్డున నిలిపితే
అద్దాలు దించి, లోపల ఏమీ పెట్టకుండా పో.
దొంగ చూసుకొని పోతాడు,
అద్దం ఖర్చు మిగులుతుంది.

ఆదివారం మునగను పో, తప్పకుండా.
దావ పక్కన రాళ్ళకు పసుపు పూసి పేర్లు రాసుంటారు.
అమ్మవారనుకొని నేను చెప్పులు విడిస్తి.
దేవర కాదంట,
ఈడ దిగొచ్చు అని గుర్తు.

నాకు మునక వచ్చని గొప్పగా చెప్తి.
మా వన్నూరప్ప చిన్నాయన
నింబగల్లు బావుల్లో జారిన మోటార్లు తీసేటోడు,
నడుముకు మోకు, పండ్ల మధ్యన ఊపిరి.
"బిగబట్రా, వందదాకా, వదిల్తే సస్తావు"
అదే నేను నేర్చిన చదువు.

ఆడ నేర్పేయమ్మ మరిలేన్.
వీపుకు సిలిండరు కట్టి మొదటి మాట చెప్పె,
ఊపిరి బిగబట్టొద్దు. ఎప్పుడూ.
బిగబట్టి పైకి లేస్తే లోపల చిట్లుతుంది.
నేను బిగబడితి.
ఎద మీద తట్టి చెయ్యి ఊపె.
మళ్ళీ బిగబడితి.
మూడు ఆదివారాలు పట్టె, అమ్మీ,
చచ్చిపోకుండా ఉండను నేర్చుకున్నది
మర్చిపోను.

నాలుగోసారి వదిలితి.
బుడగలు నన్ను విడిచి పైకి పాయె.
అప్పుడు వినపడె,
పచ్చ చేపలు రాళ్ళు కొరుకుతాంటే
బొరుగులు నమిలిన సద్దు.
అవి రాళ్ళు కాదు, ప్రాణమే,
చెయ్యి పెట్టొద్దు.

మునిగిన మర్నాడే విమానం ఎక్కొద్దు.
నెత్తురులో చేరిన గాలి దిగాల.
ఒక దినం ఊరికే కూచో,
ఊరికే కూచునేది నీకు చేతకాదని తెలుసు,
ఐనా కూచో.

తిరిగొచ్చి చిన్నాయనకు అంతా చెప్తి.
బావులు ఎండిపోయి పదేండ్లు,
బస్టాండు కాడ సోడాలు అమ్ముతాండాడు.
బీడీ ఆరిపోయేదాకా విని,
"బిగబట్టకుండా అడుగున ఏం దొరుకుతుంది రా" అనె.
రెండు సోడాలు కొట్టి ఇచ్చినాక
మెల్లగా అడిగె,
"ఆడ గాలి ఎంతకు అమ్ముతారు?"

ఆ రసీదు పారేసుకుంటి, శంషాద్.
సిలిండరుకు ఎంతో కనుక్కొని ఫోను చెయ్యి.
ఆయప్ప దినామూ అడుగుతాండాడు.