ఎదుటి పక్షం

ఆ ఫిబ్రవరిలో ఊరంతా
ఉడికిన బీట్ దుంపల కంపు.
చక్కెర తయారయ్యే చోట తీపి వాసన రాదని
నెబ్రాస్కా పడమటి కొసన పుట్టినవాళ్ళకు
ఒకరు చెప్పనక్కర్లేదు.

కాలేజీలో బడ్జెట్ మీటింగు.
డిబేట్ జట్టు:
ముప్పై ఒక్క వేల డాలర్లు, ఒక ముసలి వ్యాను.
కొట్టేయాల్సిన పద్దుల్లో మూడోది.
నైట్ డ్యూటీ దిగి, నర్సు బట్టలతోనే వచ్చి
వెనక వరసలో కూర్చున్నాను.

ప్రొఫెసర్ వెర్నా కోల్‌బెక్ లేచింది.
కమ్యూనికేషన్ శాఖ, నూట పన్నెండో గది.
అదే గోధుమరంగు కోటు,
కుడి జేబులో సుద్దముక్కలూ దగ్గు బిళ్ళలూ కలిసిపోయి.

"ముందు మీ తరఫున మాట్లాడతాను" అంది.

మాట్లాడింది.
పైకప్పు కారే నర్సింగ్ ల్యాబ్ గురించి
(నేను చదివింది అందులోనే, బకెట్ల మధ్య).
పదకొండుమంది మాటల సరదాకి
పదకొండు వందలమంది ఎందుకు ఫీజు కట్టాలంది.
గెలిచిన కప్పుల దుమ్ము దులిపే దిక్కు లేదంది.
డీన్ తను రాసుకొచ్చిన కాగితాన్ని
మెల్లగా బోర్లించి పెట్టాడు.
అంత బాగా అతనికి రాలేదు.
నా పక్కనున్న కుర్రాడు "అమ్మేసింది మనల్ని" అన్నాడు.
నిజమేనేమో అనిపించింది
నాకు కూడా, ఒక్క క్షణం.

పద్దెనిమిదేళ్ళప్పుడు
నాకు అరవడం వచ్చు, అలగడం వచ్చు.
మా ఇంట్లో వాదన అంటే
నాన్న పికప్ తలుపు విసిరికొట్టి వెళ్ళిపోవడం.
మొదటిరోజు ఈవిడ నాణెం ఎగరేసింది.
బొమ్మ పడితే అవును, బొరుసు పడితే కాదు.
నదినీళ్ళ మీద మొదటి హక్కు పొలాలదేనా?
మాది బీట్ పొలం.
నాకు బొరుసు పడింది.

"నేను చెప్పను" అన్నాను.
"నమ్మమని ఎవరన్నారు?
కాసేపు ఆ ఇంట్లో ఉండి రా.
వాళ్ళ కిటికీలోంచి మీ ఇల్లు
ఎలా కనబడుతుందో చూసి రా."

మూడు రాత్రులు లైబ్రరీలో కూర్చుని
దిగువ ఊళ్ళ బావులు లెక్కపెట్టాను.
ఇసుక తిన్నెల మీద నీళ్ళు వెతుక్కునే
కొంగల లెక్కలు చదివాను.
ఆదివారం భోజనాల దగ్గర చెప్పాను, గొంతు వణుకుతూనే.
నాన్న లేచాడు. తాళాలు తీసుకున్నాడు.
తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి
"ఎన్ని అడుగుల్లో పడుతున్నాయి వాళ్ళకి నీళ్ళు?" అన్నాడు.
ఒప్పుకోలేదు. ఇవాళ్టికీ ఒప్పుకోడు.
కానీ కూర్చున్నాడు.

ఒగలాలా దాటాక వ్యాను ఆగిపోయిన రాత్రి
హీటరు చచ్చి, పెట్రోలు బంకులో దూరితే
మంచు మంచిదా కాదా అని మా చేత వాదింపజేసింది.
ఓడినవాళ్ళు కాఫీ కొనాలి.
అందరికీ తనే కొంది.
ఎలా ఓడిందో మాకు తెలీదు.

ఇప్పుడు ఆపరేషన్ వద్దని మొండికేసిన
ముసలి రైతు మంచం పక్కన కూర్చుంటే
ముందు అతని వైపే మాట్లాడతాను.
అతను చెప్పలేనివి కూడా.
ఒక్కోసారి అవి వింటూ తనే నవ్వుతాడు.
ఒక్కోసారి, చెబుతూ చెబుతూ, నేనే మారిపోతాను.

మీటింగులో ఆవిడ మంచినీళ్ళు తాగింది.
గ్లాసు కింద పెట్టింది.
"ఇక నా తరఫున. ఒక్కటే ప్రశ్న.
మీ మాట ఇంత బాగా చెప్పే మనిషి
ఈ బల్లకి ఆ వైపున ఉన్నారా?
లేకపోతే, ఎక్కడ తయారుచేద్దాం?"

ఎవరో దగ్గారు. రేడియేటర్ బుసకొట్టింది.
ఐదు చేతులు ఒకవైపు, నాలుగు చేతులు ఒకవైపు.
ఓడిపోయాం.
శనివారం వ్యానుని ఎవరో పందుల రైతు కొనుక్కుపోయాడు.

గురువారం రాత్రి డ్యూటీకి వెళ్తూ చూస్తే
నూట పన్నెండులో దీపం వెలుగుతోంది.
ఆరుగురు పిల్లలు,
ఫ్యాక్టరీ షిఫ్టు దిగొచ్చిన ఇద్దరు,
బోర్డు మీద ఆవిడ వంకర అక్షరాల్లో:
ఈ జట్టును మూసేయడం సరైనదే.

నన్ను చూసి నాణెం ఎగరేసింది.
బొమ్మ.

గడియారం చూసుకున్నాను. పదిహేను నిమిషాలుంది.
"మూసేయాల్సిందే" అని మొదలుపెట్టాను,
కోటు విప్పుతూ.